మనవిపూస, కుంకుమ భరిణె

‘ఐ వాంట్ యూ టు కమ్’ అని బోర్డు మీద రాసి, అందరికీ కనిపించేలా వకుళ పక్కకు జరిగింది.

కాకినాడ పాతభాషల బడిలో అది మధ్యాహ్నపు తరగతి. ఇంగ్లీషు వచ్చినంత మాత్రాన ఇప్పుడు ఎవరికీ ఉద్యోగం రాదు. ఎవరు ఏ భాష మాట్లాడినా ఎదుటివారి చెవిలో అది వారి భాషలోనే పడుతుంది. అయినా వీణ నేర్చుకున్నట్టు సరదాకి ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళు ఊరికి కొందరుంటారు. వాళ్ళతోనే వకుళ కాలక్షేపం.

“కోరేవాళ్ళు ముందొస్తారు. చెయ్యాల్సిన పని చివర. మధ్యలో ఎవరున్నారు? మనిషి. ఆస్క్, టెల్, ఇన్వైట్, పర్‌స్వేడ్... వీటిలో ఏది తీసుకున్నా ఇంతే. ఆస్క్ హిమ్ టు సిట్. ఇన్వైట్ హర్ టు కమ్. మధ్యలో మనిషి లేకుండా పని దగ్గరికి పోలేం.”

వెనక బల్ల మీది సల్మా చెయ్యెత్తింది. “మేడంగారూ, నాకో డౌటండి. మధ్యలో మనవి ఉండాలి కదండీ?”

ఎవరూ నవ్వలేదు. అడగవలసిన ప్రశ్నే అది. తరగతిలో అందరి చెవుల వెనకా మిరియపు గింజంత మనవిపూస ఉంది. ఎవరి వల్ల ఏ పని కావాలన్నా పూసతో చెప్తే చాలు. అది అవతలివారి పూసతో మాట్లాడుతుంది. అవతలివారి ఆరోగ్యం, తీరిక, పంతాలు, చిరాకులు అన్నీ వారి పూసకు తెలుసు. ఒప్పుకుంటారనుకుంటేనే కోరికను వారి చెవిన వేస్తుంది. ఒప్పుకోరనుకుంటే వారిదాకా పోనివ్వదు. అడిగినవారికి మాత్రం “ఇప్పుడు వీలుకాదు” అని మెత్తగా చెప్తుంది. కాదనే బాధ ఒకరికి, కాదనిపించుకునే బాధ ఇంకొకరికి తప్పాయని లోకం సంబరపడింది. మొహమాటం ఎక్కువగా ఉన్న మన జిల్లాలో అయితే మరీను.

“అప్పట్లో మనవి లేదమ్మా. మనిషినే అడిగేవాళ్ళు,” అంది వకుళ.

“మొహం మీదేనాండీ? ఆవిడ రాననేస్తేనో?”

“రానంటే రాదు. పిలిచిన మాట పిలిచినట్టే ఉంటుంది కదా.”

ఆ మాట అన్నాక వకుళకు అక్క గుర్తొచ్చింది. తరగతిని తొందరగానే ముగించింది.

వకుళ కూతురు హంసినికి మర్నాడు సీమంతం. పెద్దమ్మ చేతనే గాజులు వేయించుకుంటానని హంసిని నెల నుంచీ అంటోంది. పిఠాపురంలో ఉండే ఆ పెద్దమ్మ మంజువాణి వకుళకు ఒక్కగానొక్క అక్క. చిన్నప్పుడు హంసిని చేతికి గాజు బిగుసుకుంటే, వేళ్ళు మడిచి, కబుర్లు చెప్తూ, నొప్పి తెలియకుండా ఎక్కించేసేది. అలాంటి అక్క వకుళ గృహప్రవేశానికి రాలేదు. హంసిని పెళ్ళికీ రాలేదు. ప్రతిసారీ వకుళ మనవి పెట్టింది, ప్రతిసారీ పూస వీలుకాదంది. సీమంతానికీ పొద్దున్నే పెట్టింది. అదే జవాబు.

ఇంటికి వెళ్ళేసరికి హంసిని వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. “పెద్దమ్మ వస్తానందా?”

“వీలుకాదుట.”

“ఆవిడ అందా, పూస అందా?”

“ఎవరంటే ఏంటే? బొట్టు పెట్టి పిలవాలా ఆవిడకి?” అంది వకుళ విసుగ్గా.

“పిలువు. అమ్మమ్మ అలాగే పిలిచేది కదా,” అంది హంసిని. వేళాకోళం చెయ్యడం లేదు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

వకుళ లోపలికి వెళ్ళింది. దేవుడి గూట్లో అమ్మ తాలూకు వెండి కుంకుమ భరిణె ఉంది. వాడకపోవడంతో నల్లబడిపోయింది. దాన్ని కొంగుతో తుడిచి, కుంకుమ నింపి, సంచిలో వేసుకుంది. చెవి వెనకనుంచి పూస తీసి అదీ సంచిలోనే పడేసింది.

పిఠాపురం వెళ్ళే స్వయంచర బస్సులో కూర్చున్నంతసేపూ ఆమెకు భయంగానే ఉంది. మనవి లేకుండా ఒకరి ఇంటికి వెళ్ళడం ఈ రోజుల్లో బజార్లో చెప్పుల్లేకుండా నడవడంలాంటిది. నేరం కాదుగానీ అందరూ చూస్తారు. అక్క మొహం మీదే తలుపు వేస్తే ఏ మొహం పెట్టుకుని తిరిగి రావాలి?

అక్క ఇంటి తలుపు అసలు తెరుచుకోనే లేదు. “ఈ రాకకు మనవి నమోదు కాలేదు. దయచేసి తిరిగి వెళ్ళగలరు,” అంది గుమ్మం మీద కాపలా కాసే గడపకన్ను, ఎంతో మర్యాదగా.

వకుళ వీధిలోకి దిగి, “అక్కా!” అని కేకేసింది.

ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. వీధిలో నిలబడి మనిషిని పేరుపెట్టో వరసపెట్టో పిలవడం ఆ ఊరు విని చాలా కాలమైంది. రెండో కేకకి మంజువాణి పెరటివైపు నుంచి కర్ర పట్టుకుని మెల్లగా వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. కుంటుతూ నడుస్తోంది.

“ఇన్నేళ్ళకి గుర్తొచ్చేనా?” అంది మంజువాణి.

“ఆ కాలికేమైందక్కా?”

“ఏమీ ఎరగనట్టు అడుగుతావేంటే? ఆపరేషన్ చేస్తుంటే దగ్గరుండమని నీకు మనవి పెట్టేను. వీలుకాదన్నావు. ఒక్కదాన్నే పడున్నాను ఆస్పత్రిలో. తర్వాత తెలిసింది, అవే రోజుల్లో ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసుకున్నావని. నాకో మాటైనా లేదు.”

వకుళ మెట్టు మీద కూర్చుంది. “నేను పిలిచేనక్కా. నువ్వే రానన్నావనుకున్నాను. ఆపరేషన్ సంగతి నా చెవిన పడలేదు.”

“నన్ను ఎవరూ పిలవలేదు.”

జరిగింది ఇద్దరికీ అర్థమవుతోంది. మంచం మీద ఉన్న మనిషి గృహప్రవేశానికి రావడం ఎలాగూ కుదరదని అక్క పూస పిలుపును ఆపింది. ఇంట్లో శుభకార్యం పెట్టుకున్న మనిషి ఆస్పత్రికి రావడం ఎలాగూ కుదరదని చెల్లెలి పూస కబురును ఆపింది. లెక్క ప్రకారం రెండూ సరైనవే.

“ఆ తర్వాతైనా? పెళ్ళికి పిలిచేను. పొద్దున్న కూడా పిలిచేను.”

మంజువాణి తల వంచుకుంది. “గృహప్రవేశం సంగతి తెలిసిన రోజున, చచ్చినా దానింటి గడప తొక్కనని అన్నాను. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాననుకుని అన్నాను.”

పూస వింది. విని, అదే ఆమె నిర్ణయమని దాచుకుంది. పిలవలేదన్న కోపంతో అన్న మాటే ఆ తర్వాతి పిలుపులన్నిటికీ అడ్డుపడింది. వకుళకు ఏడుపొచ్చింది. హంసిని పెళ్ళిలో పెద్దమ్మ కూర్చోవలసిన పీట మీద ఎవరో దూరపు చుట్టం కూర్చుంది. ఆ రోజు ఇక తిరిగి రాదు.

ఆమె కళ్ళు తుడుచుకుని భరిణె తీసింది. “అక్కా, రేపు హంసినికి సీమంతం. నువ్వు రావాలి.”

“రాను,” అంది మంజువాణి.

అలాంటి మాట వకుళ విని ఏళ్ళయింది. మొహం మీద కొట్టినట్టయింది. సంచిలోంచి పూస సన్నగా పలికింది: “వారు నిరాకరించారు. మళ్ళీ అడగడం మర్యాద కాదు.”

అక్క లోపలికి వెళ్ళలేదు. గుమ్మం పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, అక్కడే నిలబడింది. చిన్నప్పుడు అన్నానికి పిలిస్తే అలాగే నిలబడేది. అమ్మ రెండోసారి పిలిచేదాకా కదిలేది కాదు.

“రా అక్కా.”

“పిలవగానే వచ్చెయ్యడానికి నాకేం పనీపాటా లేదనుకున్నావా?”

“పిల్ల నెల నుంచీ అడుగుతోంది. నీ చేత్తోనే వేయించుకుంటుందిట. రా అక్కా.”

“కుంటికాలుతో ఎక్కడికొస్తానే?”

“నేను పట్టుకుంటాను. రా.”

మంజువాణి నుదుటి మీది జుట్టు వెనక్కి తోసుకుని, కొంచెం ముందుకు వంగింది. వకుళ బొట్టు పెట్టింది.

“గాజులు ఏ సైజు తీసుకున్నావు?” అంది అక్క.

“రెండుంపావు. ఎప్పుడూ దానికి అదే కదా.”

“నీ మొహం. నెలలు నిండుతుంటే చేతులు పొంగవూ? రెండున్నర తేవాలి. ఉండు, చీర మార్చుకుని వస్తాను. దారిలో కొందాం.”