బైకు ఎక్కిన ర్యాంపు

మట్టెవాడలోని చిన్న పార్కు ముందు అక్షర చక్రాల కుర్చీని ఆపింది. కుర్చీలో ఆమె నాయనమ్మ యాకమ్మ ఉంది. ముందు తిరిగే ఇనుప గేటు. ఒక్కొక్కరే తోసుకుని లోపలికి పోవాలి. దాటితే మెట్లు.

గేటుకు మళ్ళీ రంగు వేయిస్తున్న యువకుడిని అక్షర అడిగింది.

"ఈ గేటు ఎవలు పెట్టిన్రు?"

"నేనే. బండ్లు, బర్రెలు లోపటికి రావద్దని."

అతని పేరు ఉదయ్. పార్కు పనులు చూసే సైట్ ఇంజినీర్.

"మా నాయనమ్మ బండా, బర్రా? ఏ లెక్కల ఆపిన్రు సార్?"

ఉదయ్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఊకో బిడ్డా," అంది యాకమ్మ. "పిలగాడు బెదిరిండు."

కాలు పడిపోకముందు ఆ వాడలో బతుకమ్మ పాట ఎత్తుకునేది యాకమ్మే. పోయిన ఏడు ఆమె గేటు బయటే కూర్చుంది. లోపల ఆడవాళ్ళు ఫోన్‌లో పాట పెట్టి స్పీకర్ చుట్టూ తిరిగారు. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. ఈసారి బయట కూర్చోబెట్టేట్టయితే అసలు రానంది. పండుగ చివరి రోజు సద్దుల బతుకమ్మ. దానికి నెల కూడా లేదు.

అక్షర చెప్పిందంతా ఉదయ్ విన్నాడు.

"జర టైమ్ ఇయ్యిన్రి," అన్నాడు.

వారం తర్వాత అతనే అక్షర వాళ్ళ బట్టల దుకాణానికి వచ్చాడు.

"గేటు తీసేసి పెద్దది పెట్టిన. మెట్ల పక్కన ర్యాంపు పోసిన. వచ్చి చూడున్రి."

అక్షర ఖాళీ కుర్చీ తోసుకుంటూ వెళ్ళింది. ర్యాంపు నిటారుగా ఉంది.

"టెస్ట్ చేసిన్రా?"

"చేసిన. నా బైక్ ఫస్ట్ గేర్ల మంచిగ ఎక్కింది."

"మా నాయనమ్మకు గేర్లు లేవు సార్. మీరు కూసోన్రి."

"నేనా?"

"మీరే. చేతులతోని తిప్పుకుంట ఎక్కున్రి."

ఉదయ్ సగం దాకా ఎక్కాడు. కుర్చీ వెనక్కి జారింది. వెనక నిలబడ్డ అక్షర రెండు చేతులతో పట్టి ఆపింది. అతని తల వెనక్కి వాలింది. ఆమె ముఖం అతనికి తలకిందులుగా కనిపించింది.

"వదలకున్రి," అన్నాడు.

"వదిలితేనే నేర్చుకుంటరు."

"నేర్చుకున్న."

చినుకులు మొదలయ్యాయి. ఉదయ్ కుర్చీ దిగలేదు. ఆమె చేతులు తీయలేదు.

"పొడుగు పెంచాలె," అన్నాడు. "ఆ వేపచెట్టు దాంక పోయి తిరగాలె."

"పెద్ద గేటు కద. బర్రెలు వస్తే?"

"వాటితోని నేను మాట్లాడుత."

అక్షర నవ్వింది. ఆ నవ్వు కోసమే, పోసిన ర్యాంపును పగలగొట్టి మళ్ళీ పోయించానని ఉదయ్ తర్వాత స్నేహితులకు చెప్పాడు.

పండుగ సాయంత్రం యాకమ్మ బతుకమ్మను మనవరాలి చేతికిచ్చింది. తోయవద్దంది. చక్రాలు తనే తిప్పుకుంటూ ఎక్కింది. వేపచెట్టు దగ్గర ఊపిరి తీసుకుంది. మళ్ళీ కదిలింది. ఆమె వెనక మోకాళ్ళ నొప్పుల ఆడవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, కర్రతో ఒక ముసలాయన వచ్చారు. మెట్ల మీద ఎవరూ లేరు.

"ఆ డబ్బా బంద్ చెయ్యిన్రి," అంది యాకమ్మ.

స్పీకర్ ఆగింది. ఆమె పాట ఎత్తుకుంది.

చీకటి పడ్డాక యాకమ్మ రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద ఉదయ్ చేతిలో పెట్టింది.

"ఏ ఊరు కొడుకా?"

"నర్సంపేట, అమ్మా."

"మీ అమ్మను ఒకసారి తోలుకరా. మాట్లాడేది ఉన్నది."

ఉదయ్ అక్షర వైపు చూశాడు. ఆమె బతుకమ్మ తెచ్చిన పళ్ళెం తుడుస్తోంది. అప్పటికే రెండుసార్లు తుడిచింది.

"మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు," అన్నాడు. "ఎక్కంగ ఎవలన్న పట్టుకోవాలె."

"మరి మెట్లెందుకు కట్టినవ్ అప్పుడు?" అడిగింది అక్షర.

'సార్' పోయింది. 'మీరు' కూడా పోయింది. ఉదయ్‌కు అర్థమైంది.

"అప్పుడు నువ్వు తిట్టలే కద."

"తోలుకరా," అంది అక్షర. "నేను పట్టుకుంట."

"వదలవు కద?"

"వదల."