బోర్లించిన పలకలు

వడ్డాది దాటాక వచ్చే మలుపులో చెరకు లారీ ఒకటి శివాజీ బైకుని గుద్ది, ఆగకుండా వెళ్ళిపోయింది. మర్నాడు పేపర్లో యాక్సిడెంట్ అని వచ్చింది. చనిపోయినవాడు సీక్రెట్ ఏజెంట్ అని పేపరువాళ్ళకి తెలియదు.

మార్చురీలో శవాన్ని గుర్తుపట్టింది అతని టీమ్‌మేట్ గౌరీశంకర్. ఆ గది నుంచి బయటికి వచ్చినప్పటి నుంచి అతనిలో ఏదీ కదలడం లేదు. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. వేళకి తిన్నాడు, పడుకున్నాడు. కబురొస్తే విశాఖపట్నం వెళ్ళి చీఫ్ ఉమామహేష్ ఎదురుగా కూర్చున్నాడు.

"శివాజీ ఏ రోడ్డున వస్తున్నాడో ముగ్గురికే తెలుసు," అన్నాడు చీఫ్. "వాడు పోయాడు. రెండోవాడివి నువ్వు."

"మూడో మనిషి జెరూషా."

"నీకు ఆశ్చర్యంగా లేదా?"

"లేదు సార్."

జెరూషా టీమ్‌లోకెల్లా చురుకైన ఏజెంట్. ఆమె నడిచొస్తే ఏ ఫంక్షన్‌లోనైనా మాటలు ఆగిపోయేవి. విదేశీ ముఠాకి అమ్ముడుపోయినట్టు నటించి వాళ్ళ గుట్టు తేవడం ఆమె డ్యూటీ. ఆ నటన ఎక్కడ నిజమైపోయిందో డిపార్ట్‌మెంట్ కనిపెట్టలేకపోయింది. ఆమెను పెళ్ళి చేసుకోబోతున్న గౌరీశంకర్ కూడా కనిపెట్టలేకపోయాడు.

"సబ్‌మెరైన్ల రూట్ మ్యాప్," అన్నాడు చీఫ్. "కె.కోటపాడు సేఫ్ హౌస్‌లో మీరిద్దరూ కాపలా ఉన్నప్పుడు కాపీ చేసింది. లాక్ పెట్టి ముఠాకి పంపేసింది. తను దేశం దాటే ఏర్పాటు కుదిరాకే పాస్‌వర్డ్ ఇస్తానంది. ఇప్పుడు కుదిరింది."

"పాస్‌వర్డ్?"

"తెలుగు మాట. రెండక్షరాలు. దారిలో మనం పట్టుకున్న కాపీ చూసి ల్యాబ్ చెప్పగలిగింది అంతే. ఫోన్లు మనం వింటామని ఆమెకి తెలుసు. అందుకే వాళ్ళ మనిషికి నేరుగానే ఇస్తుంది. ఆదివారం, చోడవరంలో, వాళ్ళ పిన్ని ఇంట్లో భోజనాలప్పుడు. నిన్ను పిలిచింది కదా?"

"పిలిచింది."

"నువ్వు పక్కనుంటే మనకి అనుమానం రాదని. ముఠా మనిషి కోడ్ దొరికింది. 'ఎండ చల్లగా ఉంది' అంటాడు."

"ముందే అరెస్ట్ చేస్తే?"

"సాక్ష్యం ఏదీ? ఆ మాట ఆమె బయటపెట్టాలి. వాడికి మాత్రం అందకూడదు. అందితే సముద్రం అడుగున ఉన్న మనవాళ్ళు ఒక్కరూ తిరిగి రారు."

గౌరీశంకర్ ఇయర్‌పీస్, పిస్టల్ తీసుకుని లేచాడు.

చోడవరంలో జెరూషా పిన్ని జ్ఞానకుమారి ఇంటి ముందుగది టైలరింగ్ షాపు. ఆదివారం కావడంతో మిషన్ల మీద దుప్పట్లు కప్పి ఉన్నాయి. గౌరీశంకర్ కెమెరా బ్యాగు తగిలించుకుని వచ్చాడు. ఆ ఇంట్లో అతను పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్.

"రా బాబూ, కూకో," అంది జ్ఞానకుమారి. "మా గుంట నీ ఫొటోలు తెగ మెచ్చుకుంటాది."

ఎర్రచీరలో జెరూషా నవ్వింది. "ఏటి, అలా ఉన్నావ్? శివాజీ గురించేనా?" అని మెల్లగా అడిగింది. అతను తలూపాడు. ఆమె అతని చెయ్యి నొక్కింది. ఆ చెయ్యి తనది కాదన్నట్టు చూశాడు అతను.

పక్కింటి ప్రవల్లిక వచ్చింది. ఆ తరవాత మేడ మీద అద్దెకుండే దిలీప్ అట్టపెట్టె పట్టుకుని దిగాడు. ఇన్వర్టర్లు అమ్ముతాడట. మందపాటి కళ్ళజోడు.

"ఇవాళ ఎండ చల్లగా ఉందండీ," అన్నాడు.

"సల్లగుండడవేటి బాబూ, మాడిపోతంటే!" అంది జ్ఞానకుమారి.

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు వినిపించింది. "వాడి కళ్ళజోడులో కెమెరా ఉంది. లైవ్ సిగ్నల్ పోతోంది. సిగ్నల్ ఆపే మన జామర్ జీపు చెరకు ట్రాక్టర్ల వెనక ఇరుక్కుంది. నువ్వే చూసుకో."

బిర్యానీ దమ్ము మీదుంది. ఈలోగా ఒక ఆట ఆడదామన్నాడు దిలీప్. పెట్టెలో కార్డులు, చిన్న చిన్న ప్లాస్టిక్ పలకలు ఉన్నాయి. ఒకరు వెనక్కి తిరిగి కళ్ళు మూసుకోవాలి. మిగతావాళ్ళు కార్డు మీద మాట చూసి, దానికి ఒక్కో క్లూ తమ పలక మీద రాయాలి. ఒకరివొకరు చూసుకోవాలిగాని పైకి చదవకూడదు. ఇద్దరు ఒకే క్లూ రాస్తే ఆ రెండు పలకలూ బోర్లించెయ్యాలి. మిగిలినవి చూసి కళ్ళు మూసుకున్నవాళ్ళు కార్డు మాట చెప్పాలి.

మొదట జ్ఞానకుమారి కళ్ళు మూసుకుంది. కార్డు 'గొడుగు'. జెరూషా, గౌరీశంకర్ ఇద్దరూ 'మడత' అని రాశారు. బోర్లించారు. ప్రవల్లిక వంతులో కార్డు 'రైలు'. మళ్ళీ ఇద్దరూ ఒక్కటే రాశారు.

"మీ ఇద్దరికీ ఒకటే బుర్రేటి?" అంది జ్ఞానకుమారి. అందరూ నవ్వారు. గౌరీశంకర్ కూడా నవ్వాడు. నవ్వడం అతని ముఖానికి ఇంకా గుర్తుంది.

దిలీప్ వంతు వచ్చింది. వెనక్కి తిరిగి కళ్ళు మూసుకున్నాడు. కార్డు 'దోమ'.

ప్రవల్లిక మార్కర్ కొరుకుతూ ఆలోచిస్తోంది. జెరూషా మాత్రం కార్డు వైపు సరిగ్గా చూడకుండానే రాసేసి, అరచెయ్యి అడ్డం పెట్టింది. దోమ గురించి ఆలోచించేవాళ్ళు అలా రాయరు. ఇదే ఆ మాట అని గౌరీశంకర్‌కి అర్థమైంది.

దిలీప్ ఇటు తిరిగితే కెమెరా చూస్తుంది. తుపాకీ తీస్తే ఆమె పలక తుడిచేస్తుంది. సాక్ష్యం మిగలదు. ఉన్న దారి ఒక్కటే. ఆమె రాసిన మాటే తనూ రాయాలి.

జెరూషాకి పాస్‌వర్డ్‌లు గుర్తుండవు. సేఫ్ హౌస్ లాకర్‌కైనా, ఫోన్‌కైనా, ఎదురుగా ఉన్న మనిషిని తను ఎలా పిలుస్తుందో అదే పెట్టేది. కె.కోటపాడులో ఆ ఫైల్‌కి లాక్ పెట్టినప్పుడు ఆమె ఎదురుగా ఉన్నది తనొక్కడే. తనని ఆమె పేరు పెట్టి పిలవదు. ఎవరూ లేనప్పుడు పిలిచే పిలుపు ఒకటుంది. రెండక్షరాలే.

గుండె పగలాల్సిన చోటు ఇదేనని అతనికి తెలుసు. కాసేపు ఎదురుచూశాడు. ఏమీ జరగలేదు. మార్కర్ తీసి రాశాడు.

నలుగురూ పలకలు తిప్పి చూపించుకున్నారు. జ్ఞానకుమారి 'కుట్టుడు' అని రాసింది. ప్రవల్లిక 'మలేరియా'.

జెరూషా పలక మీద: మొద్దు.

గౌరీశంకర్ పలక మీద: మొద్దు.

"ఇదేటర్రా, దోమకీ మొ—" అనబోయింది జ్ఞానకుమారి. గౌరీశంకర్ ఆమె పెదాలకి అడ్డంగా చెయ్యి పెట్టాడు. "రూలు అమ్మా, పైకి చదవకూడదు." ఆవిడ నాలిక్కరుచుకుంది. అతను రెండో చేత్తో రెండు పలకలూ బోర్లించాడు.

జెరూషా ముఖంలో రంగు పోయింది. నోరు తెరిచింది. ఒక్క అరుపు చాలు. ఈలోగా బల్ల కింద ఆమె మోకాలికి పిస్టల్ మొన తగిలింది. అతని కళ్ళలోకి చూసింది. కాలుస్తాడా లేదా అన్నది ఆ కళ్ళలో ఎక్కడా లేదు. నోరు మూసుకుంది.

దిలీప్ కళ్ళు తెరిచి ఇటు తిరిగి, మిగిలిన రెండు పలకలూ చూశాడు. బోర్లించిన వాటినీ చూశాడు.

"దోమ," అన్నాడు.

"కరెక్ట్!" అని చప్పట్లు కొట్టింది ప్రవల్లిక.

గౌరీశంకర్ లేచి దిలీప్ కళ్ళజోడు తీసి కాలికింద నలిపేశాడు. వీధిలో ఐస్‌క్రీమ్ బండి దగ్గర నిలబడ్డ డిపార్ట్‌మెంట్ మనుషులు లోపలికొచ్చి దిలీప్ చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. ప్రవల్లిక కెవ్వుమని ఇంటికి పరిగెత్తింది.

ఇయర్‌పీస్‌లో చెప్పాడు గౌరీశంకర్: "మొద్దు. ట్రై చెయ్యండి సార్."

కాస్సేపటికి జవాబొచ్చింది. "తెరుచుకుంది. కంగ్రాట్స్."

"మర్చిపోనని పెట్టేను రా," అంది జెరూషా. "అంతే."

"శివాజీ?"

"రోడ్డు పేరే సెప్పేను. సంపేస్తారనుకోలేదు." ఆమె ఏడుస్తోంది. "ఏదైనా అను. కొట్టు. అలా సూడకు."

అతను ఆమెకి బయటికి దారి చూపించాడు. జీపు వాళ్ళిద్దర్నీ ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

జ్ఞానకుమారి గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. ఏం జరిగిందో అతను చెప్పాడు. విన్నదో లేదో తెలియలేదు. "అది తిన్నేదు బాబూ," అంది. లోపలికెళ్ళి కంచం నిండా బిర్యానీ తెచ్చి అతని ముందు పెట్టింది. కాదనడానికి కారణం తోచక కూర్చుని తిన్నాడు. మొత్తం తిన్నాడు.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది ఆవిడ, ఎటో చూస్తూ.

"సరిపోయిందమ్మా. చాలా బాగుంది."

ఆవిడ గిన్నెలోంచి ఒక ముద్ద తీసి నోట్లో వేసుకుని ఆగిపోయింది.

"ఒలమ్మో! ఇందులో ఉప్పే ఎయ్యనేదు కదా బాబూ!"

ఇన్నేళ్ళ సర్వీసులో గౌరీశంకర్ చెప్పిన అబద్ధం పట్టుబడటం అదే మొదటిసారి.