కుడి కనుబొమ్మ దగ్గర గీత

ఆ అమ్మాయి తలుపు తోసుకుని లోపలికి రాగానే నేను క్షమాపణ చెప్పాను. చేసిన తప్పేమిటో నాకే తెలియదు. ఆమె చూపు అలా ఉంది. రాత్రికి రాత్రి గట్టు జరిపిన పక్క పొలంవాణ్ణి చూసినట్టు చూసింది నన్ను.

"ఆలస్యమైందండీ, కోప్పడకండి," అన్నాను.

"నాకు కోపం లేదండీ. నా మొహమే అంత. అది తీయించుకోవడానికే వచ్చాను," అంది.

మాది చర్మం, జుట్టు చూసే క్లినిక్. పెద్ద డాక్టరమ్మ కింద నేను రెండో డాక్టర్ని. ముడతలకు సూదిమందు వేయడం నా వంతు. నారు పీకి, నాటు వేసి పెరిగిన చెయ్యి కాబట్టి వణకదని ఆవిడ నమ్మకం. మొహంలో గీత పడేది చర్మం వల్ల కాదు, దాని కింద కండ లాగడం వల్ల. ఆ కండకు మందు తగిలితే మూడు నాలుగు నెలలు నిద్రపోతుంది, పైన చర్మం నున్నబడుతుంది. ఆ విద్య అంతే.

ఆమెకున్నది ఒకటే గీత. కుడి కనుబొమ్మ మొదట్లో, నిలువుగా, నాగటి చాలంత లోతుగా. అందరికీ రెండు పక్కలా పడే గీత ఈమెకు ఒక్క పక్కే ఎందుకు పడిందని నేను అడిగి ఉండాల్సింది. అడగలేదు. గీత కింద ఉన్న కళ్ళు చూస్తూ ఉండిపోయాను. ఎందుకు తీయించుకుంటున్నారని మాత్రం అడిగాను, ఫారంలో ఆ గడి ఉంది కాబట్టి.

"ఇంట్లో ఒకరు అపార్థం చేసుకుంటున్నారు. రోజూ సాయంత్రం నా మొహం చూసి తల దించుకుంటున్నారు. అది చూడలేకపోతున్నాను."

ఇంట్లో ఒకరు. నా పెన్ను ఆగింది. ఆ ఒకరెవరో తెలుసుకుందామని ఫారం తిరగేస్తే పెళ్ళి గడి ఖాళీగా ఉంది. వృత్తి గడిలో 'సొంత షాపు' అని ఉంది. నోటితో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. చిన్నప్పటి నుంచీ నేనంతే. నాకు కావలసింది ఎదుటివాళ్ళు నా మొహం చూసి కనిపెట్టాలి. అమ్మ కనిపెట్టేది. అలా పెరిగాను.

ఐదు చోట్ల సూది వేశాను. వేసినప్పుడల్లా నా నొసట చీమ కుట్టినట్టయింది. ఐదుసార్లూ. ఏసీ గాలి అనుకున్నాను.

నాలుగు గంటలు తల వంచొద్దని, అక్కడ రుద్దొద్దని, మందు పూర్తిగా పట్టడానికి పద్నాలుగు రోజులు పడుతుందని చెప్పాను. తల వంచకపోతే తన పని సాగదని ఆమె నసిగింది. నేను తల ఎత్తుకుని బతకమనే కదా చెబుతున్నానన్నాను. ఆమె నవ్వింది. నవ్వు మొహమంతా పాకింది గానీ గీత మాత్రం కోపంగానే నిలబడింది. ఆమె వెళ్ళాక మా నర్సక్క ఆమెకు చిరాకమ్మ అని పేరు పెట్టేసింది.

నాలుగో రోజు పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసుకుంటే ఏదో తేడాగా కనిపించింది. ఏమిటో తెలియలేదు. అమ్మ వీడియో కాల్ చేసి, పలకరింపు కూడా లేకుండా అడిగింది.

"ఏరా, మొహానికి ఇస్త్రీ చేయించావా?"

కనుబొమ్మలు ముడవబోయాను. ముడుచుకోలేదు. పక్క గదిలో ఎవరినో పిలిచినట్టు ఎంత పిలిచినా ఆ కండ పలకలేదు.

అంతటితో పోతే బాగుండేది. ఆ రోజు సరిగ్గా పదింటికి, కదలని కుడి కనుబొమ్మ లోపల ఎవరో దారం కట్టి లాగినట్టయింది. లాగి, పట్టుకున్నారు. కాసేపటికి వదిలారు. మళ్ళీ లాగారు. ఒంటిగంటకు ఆగిపోయింది. రెండింటికి మొదలై సాయంత్రం ఆరు దాకా సాగింది. మర్నాడూ అంతే. పదింటికి మొదలు, ఒంటిగంటకు భోజన విరామం, ఆరింటికి సెలవు. నరం జబ్బయితే వేళా పాళా లేకుండా రావాలి. నా జబ్బు ఉద్యోగం చేస్తోంది. ఆదివారం పూర్తిగా సెలవు కూడా తీసుకుంది.

పద్నాలుగో రోజు వానలో తడుస్తూ వచ్చింది ఆమె. గొడుగు చేతిలోనే ఉంది, ముడిచి ఉంది. తల వంచకూడదన్నారు కదా, పనిలో ఎలాగూ తప్పలేదు, గొడుగు కింద కూడా వంచడమెందుకని వేయలేదంది. ఆ నిషేధం నాలుగు గంటలకేనని చెబితే, ఈ ముక్క పద్నాలుగు రోజుల ముందు గట్టిగా చెప్పాల్సిందంది. జుట్టు నుంచి జారిన చినుకు నుదుటి మీదుగా దిగి, ఆ గీతలో పడి, కాలవ నీళ్ళలా సాగింది. గీత వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.

పెద్ద డాక్టరమ్మ వచ్చి చూసింది. మందు పనిచేయకపోవడానికి ఆవిడ దగ్గర కారణాలకు కరువు లేదు. మోతాదు చాలకపోవచ్చు, కండ మరీ బలమైనది కావచ్చు, సీసా చల్లదనం తప్పి ఉండొచ్చు, కొందరి ఒంటికి ఆ మందే పట్టకపోవచ్చు. మోతాదు పెంచమని నాకు చెప్పి వెళ్ళిపోయింది. మందు పనిచేయకపోవడం కాదు, వేరేచోట పనిచేస్తోందని నాకు అనుమానం. కానీ ఆ మాట చెబితే నన్నే మరో రకం డాక్టరు దగ్గరికి పంపుతుంది.

పెంచి వేశాను. చీమలు ఎనిమిదిసార్లు కుట్టాయి.

వారం తిరిగేసరికి నా నుదురు పలకయింది. కళ్ళ చివర్లు కదలడం మానేశాయి. నవ్వితే మూతి ఒక్కటే విచ్చుకునేది, సంచి మూతిలా. నేను సొంతానికి వాడుకుంటున్నానని నర్సక్క నిశ్చయించుకుంది. "పెళ్ళిచూపులకైతే చెప్పొచ్చుగా డాక్టరుగారూ, దొంగచాటుగా ఎందుకు," అని మూతి తిప్పింది. పదింటి నుంచి ఆరింటి దాకా దారం లాగుతూనే ఉంది, ఇప్పుడు రెట్టింపు జోరుతో. గాజుపెంకు మీద గాజుపెంకు గీసినట్టు సన్నటి వణుకు కూడా తోడైంది.

రెండో విడత పద్నాలుగో రోజు ఆమె కుర్చీలో కూర్చుని, నేనేమీ అడగకముందే చెప్పడం మొదలుపెట్టింది. ఇంట్లో ఆ ఒకరు అన్నం కూడా సరిగ్గా తినడం లేదట. నిన్న ఆమె గదిలోకి రాగానే మొహం గోడవైపు తిప్పుకున్నారట. నా గుండె కరిగి నీరవుతోంది. ఆ ఒకరి మీద అసూయ ఉన్నా సరే, కరుగుతోంది. ఆమె తలెత్తి నన్ను చూసింది.

అక్కడ ఏం కనిపించిందో నాకు తెలుసు. సున్నం కొట్టిన గోడ.

"నా బాధ మీకు పట్టనక్కర్లేదండీ. కానీ చీమ కుట్టినట్టయినా ఉండాలి కదా మనిషన్నాక," అంది.

చీమలే కుడుతున్నాయని చెప్పబోయాను. నోరు తెరిచేలోపు ఆమె లేచింది. వేరే క్లినిక్‌లో వచ్చే శుక్రవారానికి రాయించుకున్నానని, అక్కడ రెట్టింపు మోతాదు, వేరే మందు వేస్తారని చెప్పి తలుపు వేసుకుని వెళ్ళిపోయింది. తలుపు మెల్లగానే వేసింది. అదే ఎక్కువ బాధేసింది.

బుధవారం పొద్దున్నే ఫారంలోని చిరునామా పట్టుకుని బయల్దేరాను. బట్టలకొట్టుకూ తాళాల కొట్టుకూ మధ్య, మనిషి చేతులు చాస్తే రెండు గోడలూ తగిలేంత షాపు. అద్దం తలుపు మీద పని వేళలు రాసి ఉన్నాయి. పది నుంచి ఒకటి. రెండు నుంచి ఆరు. ఆదివారం సెలవు.

చదివి, అక్కడే నిలబడిపోయాను.

అద్దంలోంచి చూశాను. పొడుగాటి బల్ల, దాని మీద తెల్ల గుడ్డ, గుడ్డ మీద విప్పిన చేతిగడియారం. చక్రాలు ఆవగింజల్లా పరుచుకుని ఉన్నాయి. ఆమె నల్లటి చిన్న భూతద్దం తీసి కుడి కంట్లో పెట్టుకుంది. చెయ్యి వదిలేసింది. అద్దం పడలేదు. కనుబొమ్మ కండతోనే బిగించి పట్టింది.

నా కనుబొమ్మ లోపల దారం బిగిసింది.

ఆమె అద్దం తీసింది. దారం వదులైంది. మళ్ళీ పెట్టుకుంది. బిగిసింది. పట్టకారుతో చక్రాన్ని ఎత్తుతుంటే ఆ సన్నటి వణుకు నా ఎముకలో మోగింది.

లోపలికి వెళ్ళాను. నన్ను చూసి ఆమె మొహం గంటు పెట్టుకుంది, ఈసారి నిజంగానే. ఉన్నదున్నట్టు చెప్పాను. నమ్మలేదు. క్లినిక్‌కు ఒక పేషెంటు తగ్గిపోతోందని ఇలాంటి కథలు కూడా అల్లుతారా అంది. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఇష్టం వచ్చినట్టు పెట్టుకోండి, తీయండి, నేను చెబుతాను అన్నాను.

పెట్టారు. తీశారు. పెట్టారు. పెట్టే ఉంచారు. ఇంకా ఉంచారు. తీశారు. ఇప్పుడు ఎడమ కంట్లో పెట్టుకున్నారు, నాకేమీ తెలియడం లేదు.

తిరిగి చూస్తే ఆమె తన చేతుల మీద లేచిన వెంట్రుకల్ని చూసుకుంటోంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది మెల్లగా.

"మొదటి సూది నుంచి."

"నేను పని చేస్తున్నంతసేపూ నా వెనకే ఉన్నారన్నమాట."

"వెనక కాదు," అన్నాను. "అద్దం దగ్గరే ఉన్నాను."

ఆమె స్టూలు మీద కూలబడింది. నేను అసలు విషయం చెప్పాను. శుక్రవారం వేయించుకునే మందు పొరపాటున ఆమెకే పడితే, ఆ కండ నిద్రపోతుంది. భూతద్దం కంట్లో నిలవదు. నాలుగు నెలలు షాపు మూసుకోవాల్సిందే. ఏ పని చేస్తారని అడగకుండా సూది పట్టడం నా తప్పే. తలకు తీగ కట్టుకుని పెట్టుకునే అద్దాలు ఉన్నాయి కదా అని కూడా అన్నాను.

"తీగ కట్టుకున్నవాడు పనివాడు కాడంటారు నాన్న," అంది. వెంటనే సరిదిద్దుకుంది. "అనేవారు."

అప్పుడు బయటపడింది. ఇంట్లో ఒకరంటే నాన్న. ఈ షాపు ఆయనదే. ఏడు నెలల కింద పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట పోయింది, ఎదుటివాళ్ళ మాట అర్థం కావడమూ పోయింది. మొహాలు మాత్రం చదువుతారు. షాపు వెనక గదిలోనే మంచం. ఆమె రోజంతా ముందు గదిలో పనిచేసి, ఆ బిగించిన మొహంతోనే సాయంత్రం లోపలికి వెళుతుంది. తాను భారమయ్యానని, కూతురికి కోపమని ఆయన నమ్మేశారు. కాదని చెప్పడానికి మాటలు ఆయనకు చేరవు.

నాన్న. ఆ రెండక్షరాలకు నా లోపల తెల్లారింది. ఆమె నా మొహం చూస్తోంది. అక్కడ ఏమీ లేదు. ఇరవయ్యేడేళ్ళుగా మొహం మీద బతికినవాణ్ణి, మొదటిసారి నోరు తెరవాల్సి వచ్చింది.

"ఇప్పుడు నా మొహంలో సంతోషం కనపడాలండీ. కనపడదు కాబట్టి చెబుతున్నాను. ఆ ఒకరు మీ నాన్నగారైనందుకు సంతోషం. మొదటి రోజు నుంచీ మీరంటే ఇష్టం. ఈ మాట చెప్పేటప్పుడు నాకు చాలా భయంగా ఉంది. అదీ కనపడటం లేదనుకుంటాను."

ఆమె భూతద్దాన్ని గుడ్డ మీద పెట్టింది.

"రాయి మాట్లాడినట్టుంది," అంది. "కానీ రాయి అబద్ధం ఆడదంటారు. శుక్రవారం వెళ్ళనులెండి. నాన్న సంగతి ఏం చేయను మరి?"

మీరు పని చేస్తుండగా ఆయన ఎప్పుడైనా చూశారా అని అడిగాను. లేదంది. జబ్బు చేశాక బల్ల కనిపించకుండా మధ్యలో తెర వేసింది. తన బల్లను, తన పనిముట్లను చూస్తే పనిచేసిన చేతులు గుర్తొచ్చి ఆయన ఏడుస్తారని. చిన్నప్పుడు తన దగ్గర నేర్చి వదిలేసిన పనిలో కూతురు మళ్ళీ కూర్చుందనే ఆయనకు తెలియదు.

"ఏడిస్తే ఏడవనివ్వండి," అన్నాను. "మాట అర్థం కాదు గానీ ఆ భూతద్దం అర్థం కాదా ఆయనకు?"

ఇద్దరం కలిసి ఆయన్ను చక్రాల కుర్చీలో బల్ల పక్కకు తెచ్చాం. ఆయన నా వైపు చూడలేదు. బల్ల వైపు చూశారు. ఎడమ కంటి నుంచి నీళ్ళు కారాయి. ఆమె పెదవి కొరుక్కుని కూర్చుంది. భూతద్దం పెట్టుకుంది. గీత లోతుగా దిగింది.

ఆయన ఆ గీతను చూశారు. గీత కింద అద్దాన్ని చూశారు. మళ్ళీ గీతను. అప్పుడు గమనించాను, ఆయన కుడి కనుబొమ్మ మొదట్లోనూ అలాంటి చాలే ఉంది, ఇంకా పాతది. ఆయన భుజాలు దిగాయి. ఎడమ చెయ్యి లేచింది. ఆమె తల నిమురుతారనుకున్నాను. ఆయన ఆమె మోచేతిని రెండు వేళ్ళ మేర లోపలికి నెట్టి, బల్లకు ఆనించారు.

"తప్పు దిద్దుతున్నారు," అంది ఆమె, అద్దం తీయకుండా, ఏడుస్తూ.

ఆ సాయంత్రం నుంచి ఆయన తల దించలేదు. బల్ల పక్కనే ఉండిపోయారు.

నేను రోజూ వెళుతున్నాను. దారం ఇంకా లాగుతూనే ఉంది. మరో రెండు నెలలు ఉంటుందని ఆమెతో అన్నాను. పోయాక మీకెలా ఉంటుందని అడిగింది. ఇల్లు ఖాళీ అయినట్టు ఉంటుందన్నాను. ఎవరూ నా మొహం చదవలేరు కాబట్టి అన్నీ నోటితోనే చెప్పుకోవాల్సి వచ్చింది. ఆకలి, అలక, ఇష్టం, అన్నీ. అమ్మతో కూడా చెప్పాను. చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టిందేరా అంది అమ్మ.

ఆయనకు మాత్రం నేనొక రాయని కాగితం. ఎన్ని రోజులు చూసినా ఆయనకు నా మొహంలో ఏమీ దొరకలేదు. ఒక మధ్యాహ్నం ఆమె మావైపు వీపు పెట్టి, భూతద్దం బిగించుకుని, పనిలో మునిగి ఉంది. ఆయన వేలు ఆడించి నన్ను దగ్గరికి రమ్మన్నారు. మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆయన ఎడమ బొటనవేలు తెచ్చి నా కుడి కనుబొమ్మ మొదట్లో పెట్టారు. కొత్త గడియారం మూత గట్టిదో కాదో చూసినట్టు నొక్కారు. వేలు ఆనడం చూస్తున్నాను గానీ నాకేమీ తెలియడం లేదు. ఇంకా గట్టిగా నొక్కారు. ఏదో దొరికినట్టు ఆయన మూతి ఒక పక్క నవ్వింది.

ఆమె తల తిప్పలేదు. చేతిలో పట్టకారు ఆగింది.

"మెల్లగా నాన్నా," అంది. "గోరు గుచ్చుకుంటోంది."