మే నెలలో ఖాళీ గది

“ఎలీషా, పన్నెండింటికి పోర్టల్ ఓపెన్. దేశంలోని ప్రతి చట్టం, ప్రతి సెక్షన్, ప్రతి సవరణ ఒకదానికొకటి లింకై జనానికి ఉచితంగా దొరుకుతాయి. కోర్టులు, ఇన్సూరెన్స్ కంపెనీల కంప్యూటర్లు చట్టాన్ని అక్కడి నుంచే చదువుకుంటాయి.” ఇయర్‌పీస్‌లో చీఫ్ సాయిలక్ష్మి గొంతు. “కల్తీ విత్తనాల పరిహారం సెక్షన్ లింకుని రద్దయిన పాత చట్టానికి తిప్పబోతున్నారు. అదే జరిగితే రైతుల క్లెయిములన్నీ మెషిన్లే కొట్టేస్తాయి. విదేశీ విత్తన ముఠా పని.”

“లోపల మన మనిషి?”

“అనూష. పోర్టల్ ఇంజినీరు. ముఠా దగ్గరా జీతం తీసుకుంటోంది. అసలు ఎవరి మనిషో నాకే తెలీదు.”

గుంటూరు శివార్లలో అనూష రమ్మన్న కోల్డ్ స్టోరేజి ముందు ఎలీషా బండి దిగాడు. మెడలో తువ్వాలు, చేతిలో మిర్చి తేమ చూసే మీటరు. చూసేవాళ్లకి సరుకు కొనే షావుకారు. మీటరు డబ్బాలో ఉన్నది మాత్రం సిగ్నల్ డిటెక్టర్.

గేటు దగ్గర మంగళగిరి చీరలో, నల్ల కళ్లద్దాలతో మెరిసిపోతూ నిలబడి ఉంది అనూష.

“తేజా రకం ఉందా అండీ?”

“తొడిమ తీసిందా, తియ్యందా?”

కోడ్ సరిపోయింది. అనుమానం తీరలేదు.

“మూడో గది ఖాళీగా ఉందండి. అక్కడ మాట్లాడుకుందాం” అంది.

ఎలీషా అడుగు ఆగిపోయింది. మే నెల. మిర్చి యార్డుకి సెలవులు. అమ్ముడుపోని మిర్చంతా కోల్డ్ స్టోరేజీలకే చేరుతుంది. ఒక్క టిక్కీ, అంటే ఒక్క మిర్చి బస్తా, పెట్టుకోవాలన్నా పెద్దవాళ్లతో ఫోన్ చేయించాలి. ఇప్పుడు ఖాళీ గదా? అనూషది ప్రత్తిపాడు, మిర్చి రైతుల ఇల్లు. ఆ మాట ఆమె నోట పొరపాటున వచ్చింది కాదు.

ఉచ్చా? హెచ్చరికా?

“మీ నాన్నగారు ఈసారి ఏం వేశారు?” నవ్వుతూ అడిగాడు.

“వేసిందొకటి, కాసిందొకటి. విత్తనం అలాంటిది మరి.”

నిజమైతే మన మనిషి. నటనైతే మహానటి. ఆమె శాంపిల్ టిక్కీని ట్రాలీ మీద తోసుకుంటూ ముందు నడిచింది. మూడో గది దగ్గరికొచ్చేసరికి మీటరు ముల్లు గిలగిల్లాడింది.

తలుపు తెరవగానే ఎదురుగా సర్వర్లు. వాటి ముందు ముఠా నాయకుడు విక్టర్. ఎడమ చెయ్యి కీబోర్డు మీద, కుడి చేతిలో పిస్టల్.

“వెల్‌కమ్, ఏజెంట్! అనూష చెప్పింది నువ్వొస్తావని.”

ఎలీషా ఆమె వైపు చూశాడు. ఆమె చూపు గోడకి తిరుగుతున్న పెద్ద ఫ్యాను మీదుంది.

ఆలోచనకి టైము లేదు. తువ్వాలు ముక్కుకి కట్టి, కత్తితో టిక్కీని నిలువునా చీల్చి, ట్రాలీని ఫ్యాను ముందుకి ఒక్క తన్ను తన్నాడు. కారం దుమ్ము గదంతా లేచింది. విక్టర్ కళ్లు మూతబడ్డాయి. పిస్టల్ పేలి గుండు పైకప్పులోకి పోయింది. మరుక్షణం పిస్టల్ ఎలీషా చేతిలో ఉంది.

విక్టర్ మాత్రం దగ్గుతూనే నవ్వాడు. “లేటయ్యావ్! లింకు మార్చేశాను.”

అనూష దగ్గుతూ కీబోర్డు లాక్కుంది. ఎలీషా పిస్టల్ ఆమె వైపు తిప్పాడు. “వెనక్కి మార్చు.”

“మారుస్తున్నా! ముందు అది పక్కకి పెట్టండి.”

ఎంటర్ నొక్కడం, పన్నెండు కొట్టడం ఒకేసారి జరిగాయి. ఎలీషా ఫోన్‌లో పోర్టల్ తెరిచి సెక్షన్ మీద నొక్కాడు. అమల్లో ఉన్న చట్టమే వచ్చింది.

“ఇంకా నమ్మలేదా?”

“మా డిపార్ట్‌మెంట్‌లో నమ్మకానికి జీతం ఇవ్వరమ్మా.”

బేడీలు పడ్డ విక్టర్ కన్నీళ్లు కారుస్తూనే అరిచాడు. “ఏ చట్టం కింద పట్టుకుంటున్నారు నన్ను?”

ఎలీషా ఫోన్ అతని ముఖం ముందు పెట్టాడు.

“ఇందాకే ఓపెన్ చేశారు. ఫ్రీ. కళ్లు తెరుచుకున్నాక చదువుకో.”