బురద పేపరుకు నలుగురు రచయితలు

"ఆ సందీప్ గాడే సార్! మా చెల్లె నాలుగేండ్ల కష్టం మింగిండు. వాని మీద మీరేమన్న చేస్తరా, లేకుంటే నన్నే పొయ్యి కాలర్ పట్టుకొమ్మంటరా?"

ప్రైవేట్ డిటెక్టివ్ మల్లేశ్వర్ ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. వికారాబాద్ స్టేషన్ రోడ్డులో మేడ మీది ఒంటిగది ఆఫీసు తాళం తీశాడో లేదో, వెనకాలే మెట్లెక్కి వచ్చి ఈ అరుపు. అరిచిన మనిషి ప్రేమ్‌సాగర్. యాలాల్‌లో వ్యవసాయం. ఏడో తరగతిలో బడి మానేసి నాగలి పట్టినవాడు. అతని వెనక, ముఖంలో నెత్తురుచుక్క లేకుండా నిలబడ్డ అమ్మాయి చెల్లెలు భాగ్యశ్రీ.

"కూచోండి. ఏం మింగాడు? బంగారమా?"

"పేరు సార్. దాని పేరు మింగిండు."

మల్లేశ్వర్ తన సహాయకురాలు అంబిక వైపు చూసి నిట్టూర్చాడు. పెళ్ళికొడుకుకు నిజంగా ఉద్యోగం ఉందా, ఉన్న పెళ్ళాన్ని దాచాడా అని తిరిగి తిరిగి విసిగిన ప్రాణం అది. ఇప్పుడు పేరు పోయిందట. అంబిక మాత్రం అప్పుడే కుర్చీ ముందుకు జరుపుకుంది. సార్ చేతిలో ఏ కేసైనా తేలుతుందని ఆమె నమ్మకం.

భాగ్యశ్రీ మెల్లగా చెప్పింది. "తాండూరుల నాపరాయి పాలిష్ పడితే తెల్ల బురద వస్తది గద సార్. అది కంది చేన్ల కలిస్తే ఏమైతదని నా పరిశోధన. మా అన్న చేన్లనే మళ్ళు కట్టి, ఒక మడికి తక్కువ, ఒక మడికి ఎక్కువ కలిపిన. జర కలిస్తే మంచిదే. ఎక్కువైతే నేల మీద తెల్లగ పెచ్చు కడ్తది, ఆకు పసుపెక్కి రాల్తది. మట్టి సంచులు తెచ్చి మా కాలేజి ల్యాబ్‌ల పరీక్షలు చేసిన. పేపరు రాసి మా గైడ్ చంద్రశేఖర్ సార్‌కు ఇచ్చిన. తర్వాత సంచులు మాయమైనయి. మొన్న పేపరు అచ్చయింది. నలుగురి పేర్లున్నయి. నా పేరు లేదు."

"లేకపోతే ఏమవుతుంది?"

"ఈ నెలాఖరు లోపల నా పేరు మీద పేపరు చూపెడితేనే థీసిస్ తీస్కుంటరు. లేకుంటే రిజిస్ట్రేషన్ రద్దు. మళ్ళ మొదటికెంచి చేసే ఓపిక మాకు లేదు సార్."

"సందీప్ ఎవరు?"

"మా లెక్చరరే. పేపరు పంపింది ఆయన మెయిల్ నుంచే."

"ఇంకేం కావాలె సార్!" అని ప్రేమ్‌సాగర్ బల్ల మీద గుద్దాడు.

ఆ ప్రైవేటు కాలేజీ అనంతగిరి వైపు రోడ్డులో ఉంది. ప్రిన్సిపాల్ రాధమ్మ చేతిలో అచ్చయిన పేపరు రెపరెపలాడించింది. పేర్ల వరుసలో రెండోది ఆమెదే. మొదటిది ఆమె కూతురు, అక్కడే పాఠాలు చెప్పే రుచితది. మూడు సందీప్. ఆఖరిది చంద్రశేఖర్.

"మా కాలేజీల ఏ పేపరు అచ్చయినా నా పేరుండాలె. మొదటికెంచి ఇదే రివాజు. బెంచీలు నేనేయించిన, కరెంటు బిల్లు నేను కడుతున్న."

"మరి కరెంటు ఆఫీసువాళ్ళ పేర్లు వదిలేశారేం మేడం?"

రాధమ్మ కళ్ళద్దాల మీదుగా చూసింది.

రుచిత గోళ్ళు చూసుకుంటూ చెప్పింది. "గ్రాఫులకు రంగులు నేనే పెట్టిన. మొదటి పేరు చంద్రశేఖర్ సార్ పెట్టిండ్రు. వద్దంటే బాగుండదని ఊకున్న."

"తాండూరు వెళ్ళారా ఎప్పుడైనా?"

"కొడంగల్‌ల పెళ్ళికి పోతుంటే బస్సు కిటికీలకెంచి చూసిన."

ఇక సందీప్. బక్కపలచటి మనిషి, ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. కుర్చీ అంచున కూచున్నాడు.

"పంపింది నేనే సార్. పంపినందుకే నా పేరు."

"అంటే బటన్ ఒత్తినందుకు మూడో పేరు. భాగ్యశ్రీ పేరేదని అడగలేదా?"

"అడిగిన. సంచులన్నీ వానకు తడిసి పాడైనయట. చంద్రశేఖర్ సారే మళ్ళ తాండూరు పొయ్యి బురద తెచ్చి, అంతా కొత్తగ చేసిండట. ఆమె పని ఇంక లేనట్టే గద అన్నడు."

"ల్యాబ్ తాళాలు?"

"నా దగ్గర ఒకటి, సార్ దగ్గర ఒకటి."

బయటికి రాగానే మల్లేశ్వర్ తల పట్టుకున్నాడు. "ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను అంబికా. దొంగతనం జరిగిందంటే అందరూ నేను కాదు, నేను కాదు అంటారు. ఇక్కడ ప్రతివాడూ నేనే, నేనే అంటున్నాడు! ఒకరిది బెంచీ, ఒకరిది రంగు, ఒకరిది బటన్. ఆ లెక్కన టీ తెచ్చినవాడిది ఐదో పేరు."

"సందీప్ అబద్ధమాడుతున్నడు సార్. ఉద్యోగం పర్మనెంట్ కావాలంటే పేపరు కావాలె. తాళం కూడ ఉంది."

"చూద్దాం."

చంద్రశేఖర్ ఇల్లు ఆలంపల్లి దగ్గర. రిటైరయ్యే వయసు, మెత్తటి మాట. వాకిట్లో గోడ పొడుగునా గులాబీ కుండీలు. ఒక్కదానికీ పువ్వు లేదు. ఆకులు పసుపెక్కి వేలాడుతున్నాయి. కుండీల్లో మట్టి మీద సున్నం వేసినట్టు తెల్లటి పొర.

"నిరుడు మస్తు పూసినయండి. ఏం రోగమొచ్చిందో, మందులు కొట్టీ కొట్టీ పరేషానైతున్న. రండి, కూచోండి." కాఫీ ఇచ్చి, భాగ్యశ్రీ పేరెత్తగానే కళ్ళు తుడుచుకున్నాడు. "అది నా బిడ్డ లాంటిది. సంచులు తడిసి పాడైతే నా ప్రాణం కొట్టుకున్నది. ఈ వయసుల నేనే తాండూరు పోయిన. పాలిష్ మిషన్ గిర్రున తిరుగుతుంటే కింద బకెట్ పెట్టి బురద పట్టిన. ఆ మోతకు సాయంత్రం దాక చెవులు పని చెయ్యలే. నవంబర్ ఇరవై. పేపర్ల కూడ వేసినం. మళ్ళ చేసిన పని నాది. ఆ పిల్ల పేరు పెడితే అది అబద్ధమైతది గద?"

"మరి చేసింది మీరైతే మీ పేరు ఆఖరున ఉందేం?"

"పెద్దవాళ్ళ పేరు ఆఖరునే ఉంటదండి. నాకింక పేరెందుకు? మేడం దయ వల్ల ఇంకో రెండేండ్లు కొలువుల ఉండమన్నరు. అదే పదివేలు."

వీధిలోకి వచ్చాక అంబిక అంది. "పాపం, మంచాయన సార్."

"రేపు తాండూరు వెళ్దాం," అన్నాడు మల్లేశ్వర్.

మర్నాడు ఇద్దరూ రైల్లో తాండూరు దిగి, పాలిష్ యూనిట్లుండే రోడ్డు పట్టారు. ఎప్పుడు వచ్చినా పక్కవాడి మాట వినపడని రోడ్డు అది. ఆ రోజు చీమ చిటుక్కుమనడం లేదు. షెడ్లలో పనివాళ్ళెవరూ లేరు. మిషన్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయలు కొట్టి ఉన్నాయి. బురద గుంటల్లోకి నీటి ధార లేదు.

"ఏమ్మా, సమ్మె చేస్తున్నారా?" అని మల్లేశ్వర్ టీ కొట్టు కొండమ్మను అడిగాడు.

"సమ్మె ఎందుకు సార్, ఇయ్యాల అమాస. అమాస నాడు ఈ గల్లీల ఎవ్వలు మిషన్ తిప్పరు. తిప్పితే చెయ్యి పోతదని భయం. నా చాయ్ కూడ అమ్ముడు పోదు, గా ఫికరే నాది. రెండు ఇయ్యమంటరా?"

అక్కడి నుంచి యాలాల్. ప్రేమ్‌సాగర్ చేను చూపించాడు. ఎక్కువ బురద కలిపిన మళ్ళలో నేల తెల్లగా పెచ్చు కట్టి, చెప్పు కింద పెటపెటలాడింది. అక్కడక్కడా తలెత్తిన గడ్డి కూడా పసుపు రంగులోనే ఉంది. మల్లేశ్వర్ వంగి ఒక పెచ్చు పెళ్ళగించి, రుమాలులో కట్టుకున్నాడు.

"రేపు కాలేజీకి రండి, అన్నాచెల్లెలిద్దరూ. కాలర్లు పట్టుకోవద్దు."

ప్రిన్సిపాల్ గదిలో అందరూ చేరారు. మల్లేశ్వర్ గొంతు సవరించుకున్నాడు. "ముందు ఒక చెడ్డ మాట. ఈ పేపర్లో లెక్కలు దొంగ లెక్కలని నాకు అనుమానం. పత్రికవాళ్ళకు రాద్దామనుకుంటున్నాను. ఆ లెక్కలు ఎవరు చేశారు?"

మొదట రాధమ్మే నోరు విప్పింది. "నాకేం సంబంధం? నేను అడ్మినిస్ట్రేషన్ చూస్త."

"నేను రంగులే పెట్టిన," అంది రుచిత.

"ఫైలు ఇచ్చినట్టు పంపిన సార్, తెరిచి చదవను కూడ లే," అన్నాడు సందీప్.

చంద్రశేఖర్ చెమట తుడుచుకున్నాడు. "లెక్కలంటే... పిల్లలు చేసినయే అటూ ఇటూ చూసి వాడినం. అన్నీ నేను చూడలె గద."

"అంతా కొత్తగా చేశానన్నారు మొన్న!"

అప్పుడు తలుపు పక్కన నిలబడ్డ భాగ్యశ్రీ ముందుకొచ్చింది. "లెక్కలు నావి సార్. ఒక్కొక్కటి నేను చేసిందే. తప్పుంటే నాదే తప్పు. ఏ లెక్క కావాల్నో అడుగుండ్రి, ఇక్కడ్నే చెప్త."

"చూశావా అంబికా?" మల్లేశ్వర్ విసుగ్గా నవ్వాడు. "మెప్పు వస్తుందంటే నలుగురు రచయితలు. నింద వస్తుందంటే ఒక్కతే. రాసింది ఎవరో తేలింది. లెక్కలు సరైనవే అమ్మా, భయపడకు. ఇక దొంగ సంగతి."

ఆయన చంద్రశేఖర్ ముందుకు వెళ్ళి నిలుచున్నాడు. "మీరు నవంబర్ ఇరవైన, మిషన్ తిరుగుతుంటే బురద పట్టానన్నారు. ఆ మోతకు చెవులు పనిచేయలేదన్నారు. క్యాలెండర్ చూశాను. ఆ రోజు అమావాస్య. తాండూరులో అమావాస్య నాడు ఒక్క మిషనూ తిరగదు. మీరు తాండూరు పోలేదు. పోయి ఉంటే ఇంకో తేదీ వేసేవారు."

"తేదీ... పొరపాటు పడి ఉంటుంది."

"కావచ్చు. మరి సంచులు? వానకు తడిశాయన్నారు. అవి తడవలేదు. మీ తాళంతోనే తీసి ఇంటికి తీసుకుపోయారు. పారబోస్తే ఎవరైనా చూస్తారని గులాబీ కుండీల్లో పోశారు." రుమాలు విప్పి, యాలాల్ పెచ్చును బల్ల మీద పెట్టాడు. "మీ కుండీల మీద ఉన్న పొర ఇదే. కావాలంటే ఇప్పుడే తెప్పించి, పక్కన పెట్టి పరీక్ష చేయించుదాం. ఎక్కువ బురద కలిస్తే పెచ్చు కడుతుంది, ఆకు పసుపెక్కుతుంది. ఈ పేపర్లో రెండో పేజీలోనే ఉంది. ఆఖరి పేరు మీదే గదా సార్, ఒక్కసారి చదివి ఉంటే గులాబీలకు ఏం రోగమో మీకే తెలిసేది!"

సందీప్ గుడ్లప్పగించి చూశాడు. ప్రేమ్‌సాగర్ అతని వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

"కానీ ఎందుకు సార్?" అంది అంబిక. "గైడ్ కాబట్టి ఆయన పేరు ఎట్లాగూ ఉండేదే గద?"

"ఆయన పేరు ఉండేది. రుచితమ్మ పేరు మొదట ఉండేది కాదు. కూతురికి మొదటి పేరు, బదులుగా ఈయనకు రెండేళ్ళ కొలువు. మొదటి స్థానం ఖాళీ కావాలంటే, అందులో ఉన్న పిల్ల పని అసలు జరగనట్టు చెప్పాలి. అందుకే సంచులు మాయం. అవునా మేడం?"

రాధమ్మ ముఖం ఎర్రబడింది. "నేను పేరే అడిగిన. సంచులు తియ్యమన్ననా?"

"అమ్మా, ఇగ చాలు," అంది రుచిత. "నా పేరు తీసెయ్యండి. నేను ఆ ఊర్ల దిగనే దిగలే."

చంద్రశేఖర్ తలెత్తలేదు. "ఈ వయసుల కొలువు పోతే యాడికి పోవాలె అనుకున్న," అని గొణిగాడు. భాగ్యశ్రీ ఆయన వైపు చూడలేదు.

సందీప్ కంప్యూటర్ ముందు కూచుని, పత్రికకు సవరణ రాయడం మొదలెట్టాడు. తన పేరు తానే ముందు కొట్టేశాడు. రాధమ్మ, చంద్రశేఖర్ పంటి బిగువున సంతకాలు చేశారు. సవరణ అచ్చయ్యేదాకా ఆగమని విశ్వవిద్యాలయానికి ప్రిన్సిపాల్ లేఖ కూడా తయారైంది. భాగ్యశ్రీ థీసిస్ నిలిచింది.

"కింద కృతజ్ఞతల్లో 'ప్రయోగానికి భూమి ఇచ్చిన కాలేజీ యాజమాన్యానికి' అని ఉంది," అన్నాడు సందీప్ నసుగుతూ. "అది కూడ మార్చాలె గద."

"అన్న పేరు రాయండి," అంది భాగ్యశ్రీ. "రచయితలల్లనే రాయండి."

"భూమి ఇస్తే రచయిత కాడమ్మా. రూలు ఒప్పుకోదు," అన్నాడు సందీప్. ఆ గదిలో ఆ రూలు ఎవరైనా పాటించడం అదే మొదటిసారి. "కృతజ్ఞతల్లో రాస్త. అన్నా, భూమి ఎంత?"

ప్రేమ్‌సాగర్ అప్పటిదాకా పట్టుకున్న కుర్చీ వదిలాడు.

"యాలాల్ శివారుల, ముప్పై నాలుగు గుంటలు, ఎకరాకు ఆరు తక్కువ. బురద ఎక్కువై పోయిన నేల గంత. ఇంక దాంట్ల కంది కాదు గదా, గడ్డి కూడ సక్కగ మొలవది."

సందీప్ టైపు చేశాడు. ముప్పై నాలుగు గుంటలు.