చెప్పులతో వచ్చిన వైరస్

వాకాడు బజారులో అక్రమ్ రిపేరు షాపు గుమ్మానికి ఒక అట్టముక్క వేలాడుతూ ఉంటుంది: 'చెప్పులు బయటే విడవాలి'. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుకి ఈ మడి ఏందని జనం నవ్వుతారు. నవ్వనీ. నలభై ఏళ్లొచ్చినా పెళ్లికాని మగాణ్ని చూసి నవ్వడానికి జనానికి వేరే కారణం కావాలా?

ఆ రోజు వాన జోరందుకున్నాక షాపు ముందు ఆటో ఆగింది. పాత కంప్యూటరు డబ్బాను చున్నీలో చుట్టి చంటిబిడ్డలా ఎత్తుకుని ఒకావిడ దిగింది. దిగీ దిగడంతోనే బురద చెప్పులతో లోపలికి వచ్చేసింది.

"చెప్పులు!" అని అరిచాడు అక్రమ్.

"ఏం, చెప్పులతో వస్తే వైరస్ వస్తుందా?"

అతని చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఆగిపోయింది. ఆ మాట అనగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే. షాహనా.

ఇరవై ఆరేళ్ల కిందట వాళ్ల వీధి మొత్తానికీ కంప్యూటరు ఉన్న ఇల్లు ఒక్కటే, మీరావలి గారిది. షాహనా ఆయన కూతురు. కంప్యూటర్లకు వైరస్ వస్తుందని పేపర్లో చదివిన మీరావలి, అది దుమ్ముతో, చెప్పులతో అంటుకునే జబ్బని తీర్మానించాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, కాళ్లు కడిగి, తువ్వాలుతో తుడుచుకున్నాకే పిల్లలకు పాము ఆట దక్కేది.

ఆటంటే అదీ ఆట! చుక్కల్ని మింగే కొద్దీ పాము పొడుగయ్యేది. తన తోక తనకే తగిలితే డబ్బా 'కుయ్' మనేది. ఎక్కువ మార్కులు వచ్చిన పది పేర్లూ తెర మీద వరసగా నిలిచేవి. పై పేరు ఎప్పుడూ షాహనాదే. ఒక్కసారి అక్రమ్ ఆమెను దాటబోయాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

ఒక వానరోజు కంప్యూటరు లేవలేదు. గదిలో బురద అడుగులు. ఎవరివని మీరావలి గర్జిస్తే, పదమూడేళ్ల షాహనా వేలు చూపించింది.

"అక్రమ్‌వి!"

ప్లగ్గులో బల్లి చచ్చి పడుందని వారం తర్వాత బయటపడింది. అయినా ఆ గడప అక్రమ్‌కి మళ్లీ తెరుచుకోలేదు. మరుసటేడు వాళ్లు చిల్లకూరు వెళ్లిపోయారు. ఆ ఏడే చదువు కూడా అతన్ని వదిలేసింది.

"పోయిన నెలే ఈ ఊరు, మా పాతింటికే తిరిగొచ్చినాం," అంది షాహనా, డబ్బాను బల్ల మీద పెడుతూ. "ఇది లేవడంలా. రేపు శుక్రవారం. ఈ పొద్దే బాగుచెయ్యి."

"శుక్రవారం ఏం కొంప మునుగుతుంది?"

"గూడూరు నుంచి నన్ను చూసుకోడానికి వస్తుండారు."

అక్రమ్ డబ్బాను తన వైపు లాక్కున్నాడు. "నిన్ను చూసుకోడానికా, కంప్యూటర్నా?"

"నీకెందుకు? నీ పని నువ్వు చెయ్యి."

"చెయ్యను. ఆ రోజు చెప్పులతో వచ్చిందెవురో చెప్పు ముందు."

"అది లేస్తే అదే చెప్తుంది."

అతను విసురుగా మూత విప్పాడు. లోపల పిసరంత దుమ్ము లేదు. హార్డ్‌డిస్క్ కేబుల్ మాత్రం ఊడదీసి, మడిచి, రబ్బరు బ్యాండు వేసి ఉంది.

"ఇది ఎవురు పీకినారు?"

"ఎలకేమో."

"మీ ఇంట్లో ఎలకలు రబ్బరు బ్యాండు కూడా వేస్తాయా?"

షాహనా వానను మహా శ్రద్ధగా చూడసాగింది.

కేబుల్ తగిలించి, మూలనున్న పాత మానిటరు కలిపాడు. డబ్బా మూలిగింది, దగ్గింది, లేచింది. పాము ఆట తెరిచి పేర్ల వరస చూశాడు.

మొదటి పేరు అక్రమ్. రెండోది అక్రమ్. పదికి పదీ అక్రమే.

"నేను మీ గడప తొక్కి ఇరవై ఆరేళ్లు. ఇదంతా ఎవురు ఆడినారు?"

"నేనే," అంది షాహనా. ఈసారి ఆమె మాటలో వేళాకోళం లేదు. "చెప్పులతో వచ్చింది కూడా నేనే. నువ్వు వస్తుండావేమోనని వానలో వీధి చివరికంటా పరిగెత్తి, అదే ఊపులో లోపలికి వచ్చేసినా. అబ్బా అరుస్తాడని నీ పేరు చెప్పినా. ఆ తర్వాత నువ్వు రాలా. మరి నీ వంతు ఎవురో ఒకరు ఆడాలి గదా?"

"ఇన్నేళ్లా?"

"వచ్చిన సంబంధం తిరగ్గొట్టినప్పుడల్లా ఒక ఆట. పదిహేడు అయినాయి. రేపటితో పద్దెనిమిది." ఆమె చున్నీ అంచు పిండుకుంది. "ఈసారి తిరగ్గొడితే అమ్మీ అన్నం మానేస్తుందంట. అబ్బాకి నిజం చెప్పాలి. ఒక్కదాన్నే చెప్పలేను. రా."

అక్రమ్ షాపు షట్టరు దించాడు.

మీరావలి గారి గుమ్మం దగ్గర, ఎవరూ చెప్పకుండానే, చెప్పులు విడిచి కాళ్లు కడుక్కున్నాడు. లోపల షాహనా ఒక్క గుక్కలో చెప్పేసింది.

"అబ్బా, ఆ రోజు బురద అడుగులు నావే. అక్రమ్‌వి కావు."

ముసలాయన కళ్లజోడు తీసి తీరిగ్గా తుడుచుకున్నాడు. "అది నాకు ఆ రోజే తెలుసు. ఆ అడుగులు జానెడు కూడా లేవు. వీడి పాదం అప్పటికే పడవంత."

"మరి నన్నెందుకు తరిమినావు చాచా?" అక్రమ్ గొంతు పద్నాలుగేళ్ల పిల్లాడిదైపోయింది.

"పాము పోయి గోడకి గుద్దుకుంటుంటే నువ్వు తెర చూడకుండా మా అమ్మాయిని చూస్తుంటివి. ఆ వైరస్‌కి నా దగ్గర మందు లేదు. అందుకే తరిమినా."

"తరిమితే పోయిందా అబ్బా?" అంది షాహనా నెమ్మదిగా.

మీరావలి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చూసి చూసి, వంటింటి వైపు తిరిగి భార్యను కేకేశాడు.

"కరీమున్నీసా! గూడూరు వాళ్లకి ఫోన్ చెయ్యి. రావద్దని చెప్పు. మనకి దొరికినాడని చెప్పు."

తర్వాత అక్రమ్ వైపు తిరిగాడు.

"ఇంక చాచా అనబాక. మామా అను. పో, ముందు నీ చెప్పులు లోపలికి తెచ్చుకో. వానలో తడుస్తుండాయి."

అక్రమ్ గుమ్మం బయటికి తొంగిచూశాడు. చెప్పులు అక్కడ లేవు. షాహనా అప్పుడే వాటిని తెచ్చి, కంప్యూటరు గదిలో, తన బురద చెప్పుల పక్కన జతగా పెట్టేసింది.