గెడ్డలో పసుపు కర్ర

"ఎవరు రాశారీ పసుపు?"

సౌందర్య గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువ. తెల్లారకముందే బస్సెక్కి, ఘాట్ రోడ్డంతా కళ్లు తిరుగుతూ, హుకుంపేటలో దిగి, బురదలో గెడ్డ దాకా నడిచి వచ్చింది. తీరా చూస్తే నీటిమట్టం కొలిచే కర్రకి పసుపు, కుంకుమ, బంతిపూల దండ!

ఉదయ్ గొడుగు ఆమె మీదికి వంచాడు. కాఫీ తోట పనులతో పాటు ఆ కర్రని కనిపెట్టుకుని ఉండే పనీ అతనిదే.

"నేనే మేడమ్. అంకెలున్న పక్క ముట్టుకోనేదు. సూడండి."

నిజమే. అంకెలు శుభ్రంగా ఉన్నాయి.

కొండల్లోంచి దిగే ఈ వాగు వెళ్లి నదిలో కలుస్తుంది. నది మోసుకుపోయే మట్టి సముద్రపు ఒడ్డున మడ అడవుల్లో పేరుకుంటుంది. అక్కడి చిత్తడి నేల బతుకుతోందో చస్తోందో తెలియాలంటే ఇక్కడి నీళ్లనీ ఏళ్ల తరబడి చూస్తూ ఉండాలి. అదే సౌందర్య ఉద్యోగం. మొదటి కర్ర వరదలో పోయింది. రెండోదాన్ని ఎవరో మేకల్ని కట్టడానికి పీక్కుపోయారు. ఇదీ పోతే ఈ చోటు వదిలేద్దామన్నారు ఆఫీసులో.

పోయి ఉంటే బాగుణ్ణని దారిలో సౌందర్యకీ అనిపించింది. ఇక ఈ కొండ ఎక్కే పని ఉండదు.

"లేని దేవుణ్ణి నిలబెట్టడం తప్పు కాదా ఉదయ్? దీపం పెట్టందే మా అమ్మ మంచినీళ్లయినా తాగదు. ఇలాంటి వాటితో ఆటలేంటి?"

"ఆట కాదు మేడమ్. మా మామ్మనడిగే పెట్టినాను."

పసుపు గిన్నెతో గట్టు మీద కూర్చున్న మామ్మ యర్రమ్మ అందుకుంది.

"ఈ గెడ్డ నీల్లు తాగే బతికినాం. నీల్లకి దండమెడితే తప్పేటే గుంటా? ఇప్పుడెవడు పీకుతాడో సూద్దాం! అది సరే, ఈ గుంటడు ఏటని మొక్కినాడో అడుగు."

ఉదయ్ గొడుగు తన ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. సౌందర్య తడిసిపోతోందని కూడా చూసుకోలేదు.

"ఏమని మొక్కావు?"

"కర్ర ఉండాలని."

"అంతేనా?"

"కర్రుంటే... మీరు నెలనెలా వస్తారు గదా."

సౌందర్య రాతి మీద కూలబడింది. నవ్వాలో కసరాలో తెలియలేదు.

"అలిసిపోయాను ఉదయ్. ఎన్నాళ్లని ఎక్కను ఈ కొండ?"

"ఎక్కడమెందుకు? దిగకుండా ఉండిపో," అంది యర్రమ్మ.

"మామ్మా!"

సౌందర్యకి నవ్వొచ్చేసింది. నవ్వి ఎన్నాళ్లయిందో! గెడ్డలోకి దిగి అంకె చూసి రాసుకుంది. గట్టెక్కి, గిన్నెలోంచి చిటికెడు పసుపు తీసుకుని, మళ్లీ దిగి కర్రకి వెనక పక్క అద్ది, కళ్లు మూసుకుంది.

"మీరేటి మొక్కినారు?" ఉదయ్ మెల్లిగా అడిగాడు.

"ముందు గొడుగిటు పట్టు. కర్ర ఉందని ఆఫీసుకి నేను చెబుతాను. మనిద్దరి మొక్కు సంగతి మా అమ్మకి నువ్వే వచ్చి చెప్పు."